ఎన్సొయ్ క్లచ్ విప్పిన ఆదివారం

ఆ పొద్దున ఎన్సొయ్ కాఫీ కొట్టుకి వచ్చింది కాఫీ కోసం కాదు, కెటిల్ కింద ఉన్నదాని కోసం.

ఆదివారం నాడు వసారాలో అట్టముక్క పరుచుకుని, తన మోటారు సైకిల్ క్లచ్‌ని తానే విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. అంతా బిగించాక చూస్తే అట్టముక్క మీద ఒక ప్లేటు మిగిలిపోయి ఉంది. అరచేయంత చక్రం, చుట్టూ చిన్న చిన్న బిళ్లలు అతికించి ఉన్నది. మళ్లీ విప్పాలంటే బద్ధకం. "కంపెనీవాళ్లు ఒకటి ఎక్కువ వేసుంటారు" అని తనకి తానే సర్దిచెప్పుకుని, దాన్ని తీసుకెళ్లి కొట్టు నడిపే నాంగ్ లుమిన్, అంటే లుమిన్ అక్క, చేతిలో పెట్టి, "జపాన్ నుంచి తెప్పించాను నాంగ్, కెటిల్ పీట" అన్నాడు. ఆవిడ మురిసిపోయి అప్పటికప్పుడే కెటిల్‌ని దాని మీదకి ఎక్కించింది. సోమవారం నుంచి బండికి ఎత్తు కనబడితే చాలు, ఇంజను గగ్గోలు పెడుతుంది, చక్రం మాత్రం నిద్రపోతుంది. బండి మీద మనుషుల్నీ బస్తాల్నీ చేరవేసి బతికే ఎన్సొయ్ నాలుగు రోజులుగా చదును దారి బేరాలు తప్ప ఒప్పుకోవడం లేదు.

తీరా కొట్టులోకి అడుగు పెడితే కెటిల్‌కి మూరెడు దూరంలో నోంగ్ సెవెరో కూర్చుని ఉన్నాడు. కొండ మీది చర్చికి ఆయనే పెద్ద, అందరికీ నోంగ్, అంటే పెద్దన్న. శనివారం పండగ. కింది టౌను నుంచి పునీతుడు సాన్ ఇసిద్రో విగ్రహాన్ని బండి సీటుకి అడ్డంగా కట్టిన పలక మీద నిలబెట్టి, ముందూ వెనకా జనం పాడుతూ నడుస్తుంటే, సరిగ్గా ఆ నడక వేగంతో, అర క్లచ్ మీద, ఎక్కడా ఆగకుండా కొండ ఎక్కించాలి. పదకొండేళ్లుగా ఆ పని ఇంకో బండివాడు బాల్దోది. ఈసారి ఇంకొకరికి ఇద్దామని సెవెరో అన్నట్టు ఊరందరికీ తెలుసు. ఎక్కించినవాడి పేరు తండ్రి పేరుతో సహా పూజలో చదువుతారు. ఎన్సొయ్ తండ్రి బతికినన్నాళ్లూ ఆ ఊరేగింపు వెనక బాణసంచా బుట్ట మోశాడు. ఆయన పేరు ఎవరూ ఎప్పుడూ చదవలేదు.

"ఏం దోంగ్, క్లచ్ నువ్వే విప్పావటగా?" అన్నాడు సెవెరో, తమ్ముణ్ని పిలిచినట్టు.

గుమ్మం పక్క బెంచీ మీద బాల్దో, అప్పటికే నవ్వుకి సిద్ధంగా ఉన్నాడు. ఎన్సొయ్ వెళ్లి సెవెరోకీ కెటిల్‌కీ మధ్య బల్లకి నడుం ఆనించి నిలబడ్డాడు.

"విప్పడం అంటారేంటి నోంగ్! మెకానిక్కులకి పూట పడుతుంది, నాకెంత పట్టిందో తెలుసా? మా ఆవిడ పొయ్యి మీద అన్నం పడేసింది, అది ఉడికేలోపు విప్పి, తుడిచి, బిగించి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నా."

"మీ ఇంట్లో అన్నం ఎప్పుడూ సగమే ఉడుకుతుందిలే" అన్నాడు బాల్దో.

"నవ్వు, నవ్వు. బిగించగానే బండి గేరు వేస్తే ఎగిరి పడింది. ఇంకొకడైతే బెదిరిపోయేవాడు. నేనేం చేశాను? స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస చెవికి ఆనించా. కేబుల్ మరీ వదులైపోయిందన్నయ్యా, నాకు అందడం లేదు అంటోంది ఇంజను. లివర్ దగ్గర రెండు నాణేల మందమే వదులు ఉంచి బిగించా. అంతే! ఇప్పుడు నా క్లచ్ నొక్కడానికి వేలు కూడా అక్కర్లేదు, నొక్కాలని అనుకుంటే చాలు."

ఇక్కడి వరకూ చెప్పి ఆపి ఉంటే బాగుండేది. కానీ నాంగ్ లుమిన్ సెవెరో గ్లాసు ఖాళీ అవడం చూసి కెటిల్ పిడి మీద చెయ్యి వేసింది. ఎన్సొయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు నాంగ్, ఆగు! అసలు సంగతి వినకుండా పొయ్యకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంగళవారం నాడు సంత నుంచి ఎనిమిది మంది, రెండు బియ్యం బస్తాలు, పైన చూలు పంది. అందర్నీ ఒకే ట్రిప్పులో ఎక్కించా. కొండ సగంలో ఉండగా పంది ఈనింది."

నాంగ్ లుమిన్ చెయ్యి పిడి మీదే ఆగిపోయింది. "బండి మీదా?"

"బండి మీదే. పదకొండు పిల్లలు! అంత బరువు మీద పడ్డా నా క్లచ్ జారిందేమో అడుగు."

"బరువేం పడింది రా?" అన్నాడు బాల్దో. "పిల్లలు అంతకుముందు కడుపులోనే ఉన్నాయిగా, బరువు అదేగా!"

"కడుపులో ఉన్నప్పుడు పడుకునుంటాయి. బయటికొచ్చి పరిగెత్తుతుంటే ఎంత బరువో నీకేం తెలుసు, నువ్వెప్పుడైనా పరిగెత్తే పందిపిల్లల్ని అర క్లచ్ మీద ఎక్కించావా?"

బాల్దో ఎక్కించలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. కొట్టంతా నవ్వింది. ఆ నవ్వు వేడి చెవులకి సోకేసరికి, తాను దేనికోసం వచ్చాడో ఎన్సొయ్ కాస్త మరిచిపోయాడు. నిజంగానే అలా కొండ ఎక్కి వచ్చినట్టే, పందిపిల్లలు మడమల దగ్గర కీచుమన్నట్టే ఉంది.

"పైమలుపులో సిమెంటు లారీ దిగబడి ఉంది. డ్రైవరు ఏడుస్తున్నాడు. తాడు తెమ్మన్నా. లారీ బంపరుకి ఒక కొస, నా పలకకి ఒక కొస. దిగరా బాబూ అని ఎవరినీ అనలేదు, పందిని కూడా దించలేదు. రెండో గేరు వేశా."

"మొదటి గేరు కాదా?" అన్నాడు బాల్దో.

"మొదటిది వేస్తే లారీ నా మీదకి ఎగిరొస్తుందని భయమేసింది. లాగాను. లారీ వచ్చింది. లారీ వెనక ఏదో తీగ తగులుకుని కొబ్బరిచెట్టు వచ్చింది. చెట్టు వేళ్లు ఊరికే వస్తాయా? వాటిని పట్టుకుని కింది ఊట వచ్చింది! ఇవాళ పైన చర్చి వెనక నీళ్లు పడుతున్నాయే, అవి ఎక్కడివనుకున్నారు? మా తాతల కాలంలో అక్కడ చుక్క లేదు. క్లచ్ అంటే అదీ! ఎన్సొయ్ చేత్తో బిగించిన క్లచ్!"

రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు, ఊట ఎంత వెడల్పో. చేతులు చాపడానికి రెండడుగులు ముందుకి రావాల్సి వచ్చింది.

నాంగ్ లుమిన్ ఊట సంగతి వింటూ కాఫీ పొయ్యడం పూర్తిగా మరిచిపోయింది. నోంగ్ సెవెరో ఇక చూసి చూసి, తానే కెటిల్ ఎత్తి గ్లాసులో పోసుకున్నాడు. దించబోయి, కింద ఉన్నది చూసి ఆగాడు. కెటిల్‌ని పక్కన నేల మీద పెట్టి, మసిగుడ్డతో ఆ చక్రాన్ని తుడిచాడు. మసి కింద బిళ్లలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి.

"లుమిన్, ఇది నీ దగ్గర ఎప్పట్నుంచి ఉంది?"

"ఆదివారం సాయంత్రం నుంచి. జపాన్‌ది. ఎన్సొయే ఇచ్చాడు."

"దోంగ్, క్లచ్ విప్పింది ఏ రోజు?"

ఎన్సొయ్ చేతులు ఇంకా ఊట వెడల్పునే ఉన్నాయి. బాల్దో బెంచీ మీంచి లేచి వచ్చి తొంగిచూశాడు, ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత గోడకి చేరబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఎన్సొయ్‌కి చెప్పడానికి చాలా తోచాయి. అది పాత ప్లేటు అనొచ్చు. వేరే బండిది అనొచ్చు. జపాన్‌లో కెటిల్ పీటలు అలాగే ఉంటాయి అనొచ్చు. అన్నీ నాలుక మీదకి వచ్చాయి. వాటి వెనకే, బుట్ట మోస్తున్న తండ్రి వీపు కూడా వచ్చింది.

చేతులు దించాడు.

"జారుతోంది నోంగ్. సోమవారం నుంచి జారుతోంది. చర్చి ఎత్తు కాదు, మా ఇంటి ముందు గట్టు కూడా ఎక్కడం లేదు. ఇది పట్టుకెళ్లి మళ్లీ విప్పుదామనే వచ్చాను."

నవ్వు ఆగింది. అతని నోటి నుంచి అంత పొట్టి మాట ఆ కొట్టులో ఎవరూ విని ఉండరు.

నోంగ్ సెవెరో కాఫీ ఒక గుక్క తాగాడు. "రేపు పొద్దున దీన్ని దాని చోట పెట్టి రా. దేవుడి బదులు పలక మీద నేను కూర్చుంటా. ఆయనంత బరువు ఉండను, కానీ పడతానంటే ఆయనకంటే ఎక్కువ అరుస్తా. ఆగకుండా ఎక్కించావంటే శనివారం నీదే. జారితే బాల్దోది."

"పొడిగా పెట్టెయ్యకురోయ్" అన్నాడు బాల్దో కళ్లు తుడుచుకుంటూ. "ఇంజనాయిల్‌లో నానబెట్టి అప్పుడు పెట్టు. వేసేముందు ప్లేట్లన్నీ లెక్కపెట్టుకో. నన్ను పిలిచినా వస్తాను, పట్టుకోవడానికి."

ఎన్సొయ్ ప్లేటు అందుకున్నాడు. చురుక్కుమంది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడికి చేరేసరికి మెడ మళ్లీ నిటారైంది.

"చూశారా? నాలుగు రోజులు నిప్పులాంటి కెటిల్ మోసింది, ఒక్క బిళ్ల ఊడలేదు. ఇలాంటి ప్లేటు ఈ కొండ మీద ఇంకెవడి బండికైనా ఉందా?"

"పోయిరా నాయనా" అంది నాంగ్ లుమిన్, కెటిల్ పెట్టడానికి ఇటుకముక్క వెతుక్కుంటూ. "పంది కడుపులోంచి పదకొండు బయటికి తీశావు. బండి కడుపులోకి ఆ ఒక్కటీ పెట్టి రా, చాలు."