తొమ్మిది వచ్చే నంబర్లు

చెయ్యి వదులు పిన్నీ! ఆఫీసు ముందర అందరూ చూస్తున్నారు. ఏంది, మీ ఆయన్ని స్టేషన్లో కూర్చోబెట్టింది నేనైనట్టు!

సరే, లోపలికి రా. కూర్చో. ఏడవబాక మహాలక్ష్మి పిన్నీ, చెప్పేది విను.

మన వెంకట్రామయ్య గారి కోల్డ్ స్టోరేజీలు క్రోసూరు, అచ్చంపేట, నకరికల్లులో ఉన్నయ్ గదా. మిర్చి గదులకు నాలుగంకెల నంబరు తాళాలు. ఇక్కడ పేట ఆఫీసులో నా కాడున్న మెషిను పొద్దున్నే కొత్త నంబర్లు పుట్టించి, నెట్‌లో ఆ మూడూళ్ల కంప్యూటర్లకూ పంపుద్ది. ఏ నంబరు వస్తదో దానికే తెలవదు. దాని గొప్పంతా అదే! నాకు గూడా కనబడదు. నకరికల్లులో చూసేది వాచ్‌మన్ ఒక్కడే, మన యల్లమంద బాబాయి.

మరి ఓనరు సంగతి తెలుసుగా? కారు నంబరు కూడితే తొమ్మిది రావాల, ఫోను నంబరు తొమ్మిది రావాల. ఒకనాడు నకరికల్లు పోయి, బాబాయి నొక్కిన తాళం నంబరు కూడి చూశాడు. ఎనిమిది! శని అంట. ఖర్మకాలి ఆ రోజే మిర్చి లారీ బోల్తాపడింది. ఇంకేముంది? "అమ్మాయ్, సున్నాలొద్దు, నాలుగంకెలూ కూడితే సరిగ్గా తొమ్మిదే రావాల, మిగతావన్నీ తీసెయ్" అన్నాడు. అట్టా చేస్తే దొంగలకు దారి చూపినట్టేనండీ అన్నా. విన్నాడా? మా ఆయన రఫీక్ గూడా ఓనరు లారీల షెడ్డులోనే మెకానిక్కాయె. ఏం చెయ్యమంటావు? తీసేశా.

పదివేల నంబర్లకు యాభై ఆరు మిగిలినయ్ పిన్నీ! ఆయన తొమ్మిది పిచ్చి పేటంతా తెలుసు. టీకొట్టుకాడ కూర్చున్నోడైనా రాసుకోని ఒక్కోటే నొక్కొచ్చు. ఎవడో నొక్కాడు. నకరికల్లులో మిర్చి గది ఖాళీ అయింది. నంబరు చూసేది బాబాయొక్కడేనని ఆయన్ని పట్టకపోయారు.

ఏంది? ఇదే వచ్చి ఎస్సై గారికి చెప్పమంటావా?

చెబితే? "అయితే ఆ నంబర్లు నీకూ తెలిసినట్టేగా" అంటాడు. ఓనరేమో నోటిమాటగా చెప్పాడాయె. "నేనెప్పుడన్నానమ్మా?" అన్నాడు నిన్న, నా మొహం మీదే! మెషిన్లో చెయ్యి పెట్టింది నేను. రఫీక్ పని పోద్ది, నేను లోపలికి పోతా. ఎటు తిరిగినా గోడే పిన్నీ.

అట్టా చూడబాక. బాబాయి అట్టాంటోడు కాదని నాకు తెలవదా? నా కాన్పప్పుడు అంత వానలో ఆటో తెచ్చింది ఆయనేగా.

నీ కాడ దాచేదేంది... నిన్న ఎస్సై గారు అడిగాడు. ఆ నంబరు బయటోళ్లు కనుక్కునే దారేమన్నా ఉందామ్మా అని. పక్కనే ఓనరు కూర్చోనున్నాడు. లేదండీ, ఎవ్వరి వల్లా కాదు అన్నా. సంతకం గూడా పెట్టా.

భయమేసింది పిన్నీ. ఇప్పుడూ భయమే. సిగ్గుతో చచ్చిపోతన్నా, అయినా రాలేను.

పో, బాబాయికి తీసకపోయే క్యారేజీలో అన్నం చల్లారిపోద్ది. మా నజీమా వచ్చి నిజం చెబుద్దని బాబాయి ఎదురుచూస్తుంటాడు గావాల. రాదని చెప్పు.