సన్నాయి మింగీసిన మాట

ఏట్రా శ్రీరామూ, కట్టుకున్న పిల్ల మీద అలగ అరుస్తన్నావు? నాను ఈ కుర్సీలో కూకుని అంతా ఇంటన్నాను. గోవింద్‌ని ఇంటికి రమ్మందని, ఇన్సూరెన్సు మాట ఎత్తిందని కోపమా నీకు? "పెయాణం ముందర సావు మాటేటి, మనది మేళం ఇల్లు" అంటావా? ఒరే, అచ్చం మీ తాత మాటేరా అది. నువ్వు ఆడ్ని కళ్లతో సూణ్ణేదు, కోపం మాత్రం ఆడిదే వచ్చినాది. ఇలా రా, కూకో. ఆ పెట్టి తరవాత సర్దుదువు గాని, మలేషియా ఎక్కడికీ పారిపోదు. ఆమనీ, నువ్వు ఏడవకు తల్లీ, ఎల్లి టీ పెట్టు, నాకు పంచదార తక్కువెయ్యి.

మీ తాత జానకిరామయ్య, మా సెల్లి జగదీస్సరి మొగుడు, నాకు బావ. ఈ సీపురుపల్లి సుట్టుపక్కల ఆడి సన్నాయి నేకుండా పెళ్లి జరిగీది కాదు. గరివిడి ఫేక్టరీలో ఇంజినీర్లు ముందు ఆడికి ఖాళీ ఎప్పుడో కనుక్కుని, ఆ తరవాత పంతుల్ని ముహూర్తం అడిగీవోరు. నవ్వకు, నిజమే సెప్తన్నాను. తాళి కట్టీటప్పుడు ఎవుడు తుమ్మినా, ఎవుడు పాడు మాట అన్నా ఎవరి సెవినా పడకూడదని గట్టిమేళం వాయిస్తారు గదా? మీ తాతకి ఆ పని ఒంట్లో ఇంకిపోనాది. ఇంట్లో కూడా అంతే. బియ్యం అయిపోనాయి అనకూడదు, నిండుకున్నాయి అనాల. దీపం ఆరిపోనాది అనకూడదు, కొండెక్కింది అనాల. మా సెల్లి కాపరానికెల్లిన కొత్తలో పండక్కొచ్చి, "అన్నియ్యా, ఆలింట్లో నోరిప్పాలంటే బయవేస్తంది" అనీది. మేవంతా నవ్వీవోలం. మా అమ్మయితే... ఆ, ఎక్కడున్నాను? ఆ, మలేషియా.

ముప్పై ఏళ్లవతాది. ఎప్పుడో మన పెద్దోలు రబ్బరు తోటల్లో పనికని ఆ దేశం ఎల్లిపోనారు గదా, ఆ పెద్దోలే అక్కడ కట్టుకున్న కోవెల ఒకటున్నాది. అక్కడ రోజూ సేవలో సన్నాయి వాయించడానికి రమ్మన్నారు. మంచి జీతం, ఉండడానికి గది. ఊరంతా సంబరం. ఎల్తాడనగా ఈ గోవింద్ నాన్న గణపతిరావు, ఆయనా ఇన్సూరెన్సు ఏజెంటే, వచ్చినాడు, పాతకాలం సైకిలు, సంకలో సంచీ, సేతిలో గొడుగు. మెత్తని మనిషి. అరుగు మీద కూకుని, "జానకిరామయ్యగారూ, ఊర్లో ఉంటే పదిమంది మనోలు. అక్కడ ఎవులున్నారు? ఇంటికి మీ సంపాదనే ఆదారం. ఆ కోవెలోలు ఏదైనా ఏర్పాటు సేసినా అది ఆ కొలువున్నంతవరకే. దేశం ఎల్తన్నానని దాచకుండా సెప్పీసి మీ పేర సొంతంగా ఒక పాలసీ తీసుకున్నారంటే, రేపు మీకేటైనా..." అన్నాడు. అంతే. "రేపు మీకేటైనా" కాడికొచ్చీసరికి మీ తాత సన్నాయి నోట్లో పెట్టీసినాడు.

ఓలమ్మో, ఏటి వాయించినాడని! రాగం పేరు నాకు తెల్దు, నాను వరిసేను దున్నుకునీవోడ్ని. గట్టిమేళం, ఊపిరాడకుండా గట్టిమేళం. బుగ్గలు రెండూ పూరీల్లాగ పొంగిపోనాయి. గణపతిరావు నోరు మూస్తే ఈడు సన్నాయి దించుతాడు. "అది కాదండీ, మరి పిల్ల సదువూ..." అని ఆయన నోరిప్పితే మళ్లీ ఎత్తుతాడు. వీదిలో పోయీవోలు ఆగిపోయి నవ్వుతన్నారు. మీ అమ్మ సరిత అప్పుడు ఇంటరు సదువుతన్నాది, కడుపు పట్టుకుని దొర్లీసింది. ఆకరికి గణపతిరావే నవ్వీసి, "సరే లెండి, మీరు సల్లగా ఎల్లి రండి" అని సైకిలెక్కినాడు. తలుపు ఎనకాల మా సెల్లి మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడిపోనాది. అది నవ్వనేదు.

ఏడాది తిరక్కుండా, అక్కడ సాయంత్రం సేవ వాయించి మెట్లు దిగుతా కూలిపోనాడురా. గుండె. స్టేషను కాడ ఫోను కొట్టోడికి కబురొస్తే ఆడు పరిగెత్తుకుని మా ఇంటికొచ్చినాడు. ఆ ఇంటికెల్లి సెప్పాలంటే ఆడికి దైర్యం సాల్నేదు. నానే ఎల్లినాను. అరుగు కాడికెల్లి నిలబడిపోనాను. ఎలాగ సెప్పాల? ఆ ఇంట్లో ఆ మాట ఎవుడూ ఎప్పుడూ అన్నేదు. బియ్యానికైతే నిండుకున్నాయి అనొచ్చు. మనిషికేటనాల? మా సెల్లి నా మొకం సూసి, "ఊరకే ఒచ్చినావా అన్నియ్యా?" అంది. నాను తుండుగుడ్డ మొకానికి అడ్డం పెట్టుకున్నాను. మీ అమ్మే ముందు గొల్లుమంది.

ఆ కోవెలోలు దేవుడిలాంటోలు. తలా ఇంత ఏసుకుని మనిషిని పెట్టిలో ఎట్టి ఇంటికి పంపినారు. సన్నాయి కూడా పట్టుగుడ్డలో సుట్టి పంపినారు. అంతకుమించి ఆలేటి సేస్తారు? ఆలకీ పిల్లలున్నారు. మర్నెల నుంచి ఈ ఇంటికి ఏదీ నేదు. మేళానికి ఆడపిల్లని పిలుస్తారా? మొగుడు పోయిన దాన్ని పెళ్లింటికి పిలుస్తారా? మీ అమ్మకి నర్సు అవ్వాలని ఉండీది, ఇంటరు కాడే మానీసి కుట్టుమిషను కాడ కూకున్నాది. మా సెల్లి, పట్టుసీర కట్టుకుని పెళ్లిపందిట్లో ముందు కూకున్న మనిషి, గరివిడిలో సదువుకునీ పిల్లల ఆస్టలు వంటకెల్లింది. ఆ పెద్ద గుండిగలెత్తి ఎత్తి దాని బుజాలు వంగిపోనాయి. నాను దాన్యం పంపీవోడ్ని, కాదనను. దాన్యం అన్నవవతాది గాని సదువవతాదేటి?

ఒక రోజు ఆస్టలు నుంచి దాన్ని తీసుకొస్తన్నాను. దార్లో గణపతిరావు సైకిలు మీద ఎదురై, దిగీసి తల దించుకుని నిలబడ్డాడు. పాపం ఆయనదేటి తప్పు? ఆయన ఎల్లిపోయినాక మా సెల్లి నన్నడిగింది, "అన్నియ్యా, ఆ రోజు ఆయన 'రేపు మీకేటైనా' అన్నాక ఏటి సెప్పబోనాడు? నాను ఇందామనే నిలబడ్డాను. సన్నాయిలో నాకేటీ ఇనపళ్లేదు" అని. నాకు ఏడుపొచ్చీసింది రోడ్డు మీద. గణపతిరావు పోయి కూడా శానాళ్లయింది. అది మళ్లీ ఎవుర్నీ అడగనేదు.

నువ్వూ సన్నాయి వాయించడానికి ఆ దేశమే ఎల్తన్నావు. ఆ సన్నాయే పట్టుకెల్తన్నావు. ఆమని కడుపుతో ఉన్నాది. నువ్వు నిండు నూరేళ్లూ ఉండాల్రా, నా ఆయుస్సు కూడా ఏసుకుని ఉండు. కానీ మాట అన్నంత మాత్రాన సావొస్తాదా? మీ తాత అన్నేదు, ఇన్నేదు, అయినా వచ్చినాది గదా. ఎవులాపినారు?

అదిగో, గేటు సప్పుడు. గోవిందే. రా బాబూ, రా, ఆ కుర్సీ లాక్కో. ఒరే, ఆ సన్నాయెందుకు తీస్తన్నావురా? ఏటీ... సంచిలో పెట్టడానికా? పెట్టు, పెట్టు నాయనా.

జగదీస్సరీ! ఓ సెల్లీ! ఇలా గుమ్మంలోకొచ్చి కూకో. గోవిందూ, గట్టిగా సెప్పాల, దానికిప్పుడు సెవుడొచ్చీసింది. మీ నాన్న ఎక్కడ ఆపీసినాడో అక్కడ్నించి సెప్పు. ఆమనీ, ఆ టీవీ కట్టీ తల్లీ.