కడుపుతో ఉన్నదాని కత్తెర

జావాలో ఓ ఊరు, మధ్యాహ్నం. అత్త సుమింతెన్ పొయ్యి దగ్గర టెంపే, అంటే పులియబెట్టిన సోయా ముక్కలు, వేయిస్తోంది. ఏడు నెలల గర్భవతి కోడలు వెనింగ్ అప్పుడే ఊరి ఆసుపత్రి నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. చెప్పాల్సిన మాట ఒకటుంది, చెప్పాలంటే భయం.

“కత్తెర ఏదే?”

“ఉందత్తయ్యా.”

“ఎక్కడ? జాకెట్టుకి ఉత్త పిన్నీసే కనిపిస్తోంది.”

“స్నానానికి తీశా.”

“స్నానానికీ తియ్యొద్దని చెప్పానా లేదా? కుంతిలనాక్ దెయ్యం కాచుకుని ఉంటుంది. కడుపుతో చచ్చిన ఆడది అది, ఇంకో కడుపు కనిపిస్తే వదలదు. ఇనుమంటేనే దానికి హడల్.”

“అది కాదు, రుక్మి నర్సమ్మ...”

“ఏమంది? బిడ్డ బాగుందా?”

“బాగుంది. నా గురించే... పెద్దాసుపత్రికి రాసిచ్చింది. మనసు డాక్టరుకి.”

“మనసు డాక్టరా? నలుగురూ ఏమనుకుంటారు?”

“పెళ్ళికి ముందు నుంచీ దిగులుకి మాత్రలు వేసుకునేదాన్ని. కడుపని తెలియగానే నా అంతట నేనే మానేశా.”

“మంచిపని చేశావు. బిడ్డకి విషం.”

“కాదంట. అడక్కుండా ఆపెయ్యడమే తప్పంట. కడుపుతో ఉన్నా వాడదగ్గవి ఉన్నాయంట, ఏది, ఎంత అన్నది డాక్టరు చూసి చెబుతారంట. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడతారు కూడా. కొందరికి మాటలతోనే తగ్గుతుందంట. నాకు రెండూ కావాలేమో అంది.”

“నిద్ర లేకపోతే ఎవరికైనా అలాగే ఉంటుంది. అల్లం కషాయం పెడతా, తాగు. ముందు కత్తెర పెట్టుకో.”

“వద్దు.”

“ఏం, ఎందుకు వద్దు? ఎక్కడ పెట్టావసలు?”

“నర్సమ్మకి ఇచ్చేశా.”

“ఇచ్చేశావా? ఏడో నెలలో? దెయ్యమంటే భయం లేదూ నీకు?”

“దెయ్యమంటే లేదత్తయ్యా. నా చేతులంటేనే భయం.”

సుమింతెన్ గరిటె వదిలేసి కోడలి వైపు తిరిగింది.

“టెంపే మాడిపోతోంది.”

“మాడనీ. ఎన్నాళ్ళ నుంచి?”

“నెల నుంచి. మీ అబ్బాయికి చెప్పలేదు. నన్ను ఒంటరిగా ఉండొద్దంది నర్సమ్మ. ఎవరినైనా వెంటబెట్టుకుని ఇవాళే వెళ్ళమంది. ఎవరిని అడగను? భయంగా ఉందత్తయ్యా, చాలా భయంగా ఉంది.”

“పొయ్యి ఆర్పెయ్. బస్సుకి టైమైంది, నేను వస్తా.”

“నలుగురూ ఏమనుకుంటారో అన్నారుగా?”

“మీ ఆయన హందోకో నా కడుపులో ఉన్నప్పుడు, నీలాగే నేనూ నా కత్తెర బావిలో పారేశా. మా అత్త ఇంకోటి తెచ్చి కట్టింది. ఎందుకు పారేశావని ఒక్క మాట అడగలేదు.”