హనుమంతరాజు కుడిచెయ్యి

రండమ్మా శ్రీసత్యా, ఇలా ఫ్యాను కింద కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. కాఫీ తెస్తున్నారు. అయితే వచ్చేవారం మాల్దీవులకే అన్నమాట. మీరు నడిపేది నీళ్ల మీద దిగే విమానమేనా? మీ నాన్న ఫోన్లో చెప్పేరు లెండి. "బాబాయ్, అమ్మాయికి మీరైనా ఓ మాట చెప్పండి" అన్నారు. ఏం చెప్పను, నేను వద్దంటే మానేస్తారా మీరు? మీ పెదనాన్న మానేరా? అందుకే వద్దనను. ఆ పెదనాన్న, హనుమంతరాజు సంగతి చెప్తాను, వినేసి వెళ్లండి. మీరు పుట్టకముందు మాట ఇది. ఇంట్లో ఎవరూ మీకు పూర్తిగా చెప్పి ఉండరు. మీ మామ్మ ఉన్నంతకాలం ఆ ఊసెత్తే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

ఆయనా మాల్దీవుల్లోనే అలాంటి విమానం నడిపి వచ్చేరు. ఎవరో కంపెనీవాళ్లు టూరిస్టుల్ని గోదారి మీద తిప్పుదామని చిన్న విమానం తెచ్చి, ఈయన్ని పెట్టుకున్నారు. చక్రాల బదులు కింద రెండు పొడుగాటి డొల్ల పడవలుండేవి. రాజమండ్రి ఎగువన దాన్ని కట్టేస్తే, చూడ్డానికి జనం తీర్థంలా వచ్చేవారు. మన మనుషుల సంగతి తెలిసిందేగా. ఎక్కిన దగ్గర్నుంచీ "ఏవండీ రాజుగారూ, అదేంటండి, ఇదేంటండి, మాది రామచంద్రపురమండి, మా కొబ్బరితోట కనపడుద్దాండి" అని ఒకటే గోల. పలక్కపోతే "పొగరండీ ఆయనకి" అనేస్తారు. మన ఇళ్లల్లో మరీనూ, కన్నకొడుకునైనా మీరు అని పిలుచుకునే మనుషులం. పెద్దవాళ్లు పిలిస్తే పలక్కపోడమంటే చెంపమీద కొట్టినట్టే. అందుకని ఆయన ఎక్కకముందే అందరికీ చేతులు జోడించి చెప్పేవారు. "లేచేటప్పుడూ దిగేటప్పుడూ నన్ను పిలవకండి, పిలిచినా పలకను. లోపలికి తేనెటీగ దూరినా, తలుపు తెరుచుకున్నా, ముందు విమానం నడుపుతాను, తర్వాతే అది చూస్తాను. కోపగించుకోకండి" అని. ఓసారి నా పక్క తలుపు నిజంగానే తెరుచుకుంది. నా కండువా ఎగిరి గోదాట్లో పడింది. నేను "బాబూ, బాబూ" అని అరుస్తున్నాను, ఆయన తల తిప్పలేదే. బెల్టు ఉంది, నేను పడనని తెలుసు. దిగేక మాత్రం కొత్త కండువా కొని, నలుగురి ముందూ నా భుజాన వేసేరు. అలాంటి మనిషమ్మా.

ఏంటో, మోకాళ్లు లాగేస్తున్నాయి, ఈ తేమ పడదు నాకు. ఆఁ, మీ మామ్మ. సూర్యావతి వదిన కొడుక్కి ఏ గండమూ రాకూడదని అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకుని వచ్చేరు. విమానం క్షేమంగా దిగేక కొడుక్కి ప్రసాదం పెడతానని మొక్కుకున్నారట. మర్నాడు పొద్దున్న ఆయన మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకున్నారు. వెనక సీట్లో నేనూ వదినా, ఆవిడ ఒళ్లో ప్రసాదం పొట్లం. చలికాలం, గాలి లేదు. పైనున్న మబ్బు గోదాట్లో కూడా ఉంది. ఆయన ముందొకసారి చెప్పేరు నాకు, "బాబాయ్, అలలుంటే భయం లేదు, నీళ్లు అద్దంలా ఉంటేనే తంటా. ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి తెలీదు. ఇంజను జోరు తగ్గించే పిడి మీంచి కుడిచెయ్యి తియ్యకుండా, నీళ్లు తగిలేదాకా కాస్త కాస్తగా దిగుతూ పోవాలి" అని.

అలాగే దిగుతున్నారు. చెయ్యి పిడి మీదే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. వదినకి కిటికీలోంచి నీళ్లు పక్కనే కనపడ్డాయి, దిగిపోయామనుకున్నారు. ఒక్క మాట మాట్లాడలేదమ్మా ఆవిడ. మాట్లాడొద్దన్నారు, మాట్లాడలేదు. ప్రసాదం పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు కదా. పొట్లం విప్పి, ముద్ద తీసి, ఆయన భుజం పక్కనించి చెయ్యి ముందుకి పెట్టేరు. తలుపు తెరుచుకుంటే తిరగని మనిషి తిరిగేరు. అమ్మ చెయ్యి, అందులో సత్యనారాయణస్వామి ప్రసాదం. కాదంటామా? ఎడంచేత్తో పడతామా? పిడి మీంచి కుడిచెయ్యి తీసేరు. తీసినట్టు ఆయనకే తెలిసుండదు. ఒళ్లు తిరగడంతో ఎడంచేతిలో ఉన్న స్టీరింగు ముందుకి జరిగి విమానం ముక్కు కిందికి వంగింది, పడవలు నీళ్లలోకి గుచ్చుకున్నాయి, తలకిందులైపోయేం. చేపలు పట్టే త్రిమూర్తులు తన పడవేసుకొచ్చి మమ్మల్నిద్దర్నీ లాగేడు. ఆయన్ని తీసేసరికి ఇంకేం లేదు. "రాజుగారి గుప్పిట విప్పలేకపోయానండి" అని ఏడ్చేడు త్రిమూర్తులు.

వదిన ఆ తర్వాత చాన్నాళ్లు బతికేరు. ఎవరి చేతికీ ఏదీ ఇవ్వలేదు. మంచినీళ్లైనా బల్లమీద పెట్టి పక్కకి జరిగేవారు. మీకు చాక్లెట్టు కూడా గట్టుమీద పెట్టి "తీసుకోండమ్మా" అనేవారు, గుర్తుందా? మామ్మకి మడి ఎక్కువని నవ్వేవారు మీరు. నేను మాత్రం ఎవర్నని ఏం లాభం. పెద్దవాళ్లేదిచ్చినా కుడిచెయ్యి పట్టడం నేర్పింది మనమే.

అదిగో, కాఫీ వచ్చింది, పుచ్చుకోండి. వేడిగా ఉంది, జాగ్రత్త. అన్నట్టు నిన్న మావాళ్లు అన్నవరం వెళ్లొచ్చేరు. ఇదిగోనమ్మా, ప్రసాదం.

చూసేరా. కప్పు ఎడంచేతిలోకి మార్చేసి, కుడిచెయ్యి చాపేసేరు.

కాఫీ ఒంటిమీద ఒలికిందమ్మా, చూసుకోండి.