బొమ్మలున్న పుస్తకం

శాలిబండలో కొత్తగా పెట్టిన తెలుగు గ్రంథాలయానికి ఓ నిజాం కచేరీ గుమాస్తా పిల్లల కథల కోసం వచ్చాడు. అక్కడి పంతులు రెండు పుస్తకాలు తీసి ముందు పెట్టాడు.

“గిది దోస్తుల కథ, మీ చిన్నోనికి. గిది సముద్రం మీద సాహసాలు, పెద్దబిడ్డకు. జెర చదివి చూడు నాయినా.”

“బొమ్మలెక్కువున్నది ఏది పంతులూ?” అంటూ గుమాస్తా ఒకటి తెరిచి తలాడించాడు.

“అది ఆఖరి పేజీ. ఉర్దూ కితాబు లెక్క ఎనుకనుంచి తెరిచినవు.”

గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి.

“మా మదర్సాల తెలుగు చెప్పలే పంతులూ. ఉర్దూ అర్జీలైతే గడగడ చదువుత.”

“మరి ఇంట్ల పిల్లలకు చదివేదెవరు?”

“నేనే. బొమ్మలు చూసి కథ అల్లి, చదివినట్టు చెప్తుంటి. ఇప్పుడు బిడ్డ తెలుగు బడికి పోతున్నది. మొన్న నేనట్ల చెప్పిన పాత పుస్తకమే తమ్మునికి చదువుతుంటే దర్వాజల నిలబడి విన్న.”

“మంచిదే గద!”

గుమాస్తా పుస్తకం మీంచి తలెత్తలేదు.

“నన్ను చూసింది పంతులూ. చూసి, పేజీ తిప్పి, నేనల్లిన కథనే చదివింది.”