బండ దెబ్బ తిన్న తంగేడు గింజలు

జంగమ్మ కాలువలు తవ్వే మనిషి. రాళ్ల నేల మీది మన ఊరు ఇడిసి, మొగనితోని, ఐదేండ్ల బిడ్డ మణెమ్మతోని ఏడనో నల్లమట్టి సీమకు పనికి పోయిందంట. ఆడ ఎటు చూసినా వరే అనుకో, తంగేడు చెట్టు ఒక్కటి లేదు. బతుకమ్మ పండుగొచ్చె, ఏంతోని పేరుస్తది? అన్నీ గుమ్మడి పూలే పేర్చింది. అప్పుడా పిల్ల, "అమ్మా, తంగేడు పువ్వు ఏ రంగుంటదే?" అనడిగిందంట. ఇనుండ్రి, మన పిల్ల అడిగే మాటనా అది! నా బిడ్డ ఊరే మరుస్తదని జంగమ్మకు భయం పట్టుకుంది. ఊరి నుంచి వచ్చేటోళ్లతోని పిడికెడు తంగేడు గింజలు తెప్పించి, అందుల సగం గింజలు గుడిసె పక్కన మట్టిల పెట్టింది. పెట్టినామె ఊకుంటదా? తెల్లారంగనే వేలుతోని మట్టి గీకి చూసుడు, మళ్ల కప్పుడు, నీళ్లు పోసుడు. నెల దాటినా గింజ గింజ లెక్కనే ఉంది, రాయి తీరు. మిగిలినయి ఏడ పోతయో అని కొంగున ముడేసుకుంది.

ఇంతల ఏమైందంటే, జంగమ్మకు జరమొచ్చింది. ఆ సీమ చాకలామె కోటమ్మ, పక్క గుడిసెల ఉండేది, "నువ్వు పడుకో వదినా, చీర నేను ఉతికి తెస్తా" అని తీస్కపోయింది. ముడి చూసుకోలే. బండ మీద ఏసి బాదింది, బాదింది, ఇంక బాదింది. గింజలు దోసిట్లో పట్టుకొచ్చి, "తప్పైపోయింది వదినా, తొక్కలన్నీ గీరుకుపోయాయి" అన్నదంట. "గట్టియే మొలువకపాయె, దెబ్బలు తిన్నయి మొలుస్తయా?" అని జంగమ్మ ఒకటే ఏడుపు. అయినా పారేయబుద్ధి కాలే. కాలువ తవ్విన మొరం కుప్ప మీద మణెమ్మతోని పెట్టిచ్చింది. జరంతోని జంగమ్మ లేవలేదు, గీకి చూడనూ లేదు. వారం తిరగంగనే మణెమ్మ ఉరికొచ్చి, "అమ్మా, మొలిచినయే! చెయ్యి పెట్టకు, నేను చూస్త" అనె. గట్టి తొక్కకు గీత పడితేనే లోపలికి నీళ్లు పోతయంట. అది మనకెవరు చెప్పిండ్రు? బండ చెప్పింది.

రెండేండ్లకు చెట్టు నిండ పసుప్పచ్చగ పూసింది. బతుకమ్మకు మొదటి వరుస మణెమ్మనే పేర్చింది. కోటమ్మ చూసి, "నేను బాదింది ఇందుకా వదినా!" అని ఒకటే నవ్వు.

జంగమ్మ మట్టి గీకుడైతే మానింది. తెల్లారంగనే బిడ్డ నుదుట చెయ్యి పెట్టి జరం చూసుడు మాత్రం మానలే. నాకెట్ల తెలుసంటరా? ఆ మణెమ్మను నేనే. యాభై ఏండ్లు నిండినయి నాకు, ఇయ్యాల పొద్దుగాల మా అమ్మ మళ్ల చెయ్యి పెట్టి చూసింది.