గవాచ్చి కాడ కావలి

"జేజీ, మ్యూజియం చేసినారే మన పాత ఇల్లు, ఆ నడిమింట్లో మిద్దెకు బొక్క ఎందుకుండాది? అద్దం బిగించినారు దానికి."

బొక్క అంటావేమ్మే, గవాచ్చి అనాల. మన మిద్దెలకు కిటికీలు యాడుండె? దొంగల భయం, ఎండ భయం. ఎలుగంతా ఆ గవాచ్చిలో నుంచే దిగల్ల. వానొస్తే మిద్దెక్కి బండ మూసేది.

కర్నూలు రాజధాని అయిన యేడు... కాదుకాదు, ఆ మరుసటేడు, మీ నాయన పుట్టినాడు ఆ ఇంట్లోనే. నాకు అమ్మ లేదు గదా, పురుడు అత్తింట్లోనే జరిగె. బిడ్డ పుట్టిన దినమే మా అత్త గవాచ్చి మూపిచ్చింది. పక్షిదోషమంట. కాకో గద్దో పైన ఎగిరిపోతే దాని నీడ పసిబిడ్డ మీద పడి చిక్కిపోతాదని. ఆమెకు ఇద్దరు బిడ్డలు అట్లనే పోయినారంట, పాపం.

ఇంగ ఇల్లంతా చీకటి. కిరసనాయిలు బుడ్డి ఒకటే. సీసా అణానో అణాన్నరో, గుర్తు ల్యా. బుడ్డి ఎలుగులో అందరమూ పచ్చగానే కనపడతాం గదా? బిడ్డ సరిగా పాలు తాగడు, ఏడ్చడు, ఊరికే మత్తుగా పండుకుంటాడు. "అత్తా, బండ తీపియ్యి, బిడ్డ మొగం చూడాల" అంటే, "నోరు ముయ్యే" అనె. అడిగేకి భయం, అడక్కుంటే ఇంగా భయం.

ఆఖరుకు, నీళ్ళు పోసేకి వచ్చిన మంత్రసాని చేతులు పట్టుకున్యా. ఆమె మీ జేజినాయనను పిల్చి బండ తీపిచ్చె. ఎండ దబ్బున పడె. చూస్తే బిడ్డ పసుపు పూసినట్లుండాడమ్మా! కండ్లు గూడా పచ్చనే. నేను బోరుమని ఏడ్చినా. మా అత్త గోడకానుకోని నిలబడిపాయ.

"కామెర్లు. పొద్దున పూట ఎండలో పండబెట్టండి, పాలు మాటిమాటికీ పట్టండి" అనె మంత్రసాని.

మా అత్త అప్పుడే కొంగు నడుముకు చెక్కి, కట్టె తీసుకోని మిద్దెక్కింది. ఎందుకంటావా? బిడ్డకు ఎండ పడాల, పక్షి నీడ పడగూడదు! ఎండ జరిగేకొద్దీ కింద నేను బిడ్డను జరుపుకుంటా ఉంటే, పైన ఆమె "హుష్, హుష్" అనేది వినపడతాండె. దినామూ అంతే, మీ నాయనకు ఆ పచ్చన పోయేదంకా. ఎండకు ఆమె మొగం మాడిపాయ. ఆమె మీదుండే కోపమంతా నాకు ఆడనే పాయ.

నీకూ నెలలు నిండుతాండాయి గదా. సల్లగా పురుడు పోసుకో తల్లీ. నీ బిడ్డకు గూడా ఎండలో కూచోని కాకులు తోలే మనిషి ఒకరుండల్ల...